హొక్: ‘ఇది’ అనే చిన్న లాటిన్ మాట ఎక్కడెక్కడ మిగిలింది?

ప్రశ్న: ఫ్రెంచివాళ్లు అవుననడానికి వాడే ‘వీ’, దక్షిణ ఫ్రాన్సు భాషలోని ‘ఒక్’, ఇటాలియన్ ‘పెరో’, ఇవన్నీ ‘హొక్’ అనే ఒకే లాటిన్ మాట నుంచి పుట్టాయని చదివాను. ఒకచోట ‘అవును’, మరొకచోట ‘కానీ’ అనే అర్థాలు ఒకే మాటకు ఎలా వస్తాయి? ‘ఓకే’ కూడా ఈ కుటుంబంలోదేనా?

సమాధానం:

మొదటి మూడింటి గురించి మీరు చదివింది నిజమే. ‘ఓకే’ మాత్రం ఈ కుటుంబంలోది కాదు, దాని సంగతి చివర చెబుతాను. లాటిన్ నుంచి పుట్టిన రోమాన్స్ భాషల చరిత్రను చాలాకాలంగా చదువుతూ, బోధిస్తూ వచ్చినవాడిగా నాకు కనిపించేదేమిటంటే, ఇంత చిన్న మాట ఒంటరిగా బతకడం దాదాపు అసాధ్యం. హొక్ కూడా, ఒకే ఒక్క చోట తప్ప, ఎప్పుడూ మరో మాటను పట్టుకునే బతికింది. ఏ మాటను పట్టుకుందో చూస్తే అర్థం ఎటు తిరిగిందో తెలుస్తుంది.

లాటిన్‌లో దగ్గరి వస్తువును చూపే సర్వనామానికి పుంలింగంలో హిక్, స్త్రీలింగంలో హైక్, నపుంసకలింగంలో హొక్ అని మూడు రూపాలుండేవి. హొక్ అంటే ‘ఇది’, ‘ఈ సంగతి’. దీని ఉచ్చారణలో, రాతలో కనబడని విశేషం ఒకటి ఉంది. ఛందస్సు తెలిసిన తెలుగువారికి అది ఇట్టే పట్టుబడుతుంది. రోమన్ కవి వర్జిల్ కావ్యంలో ఒక పాదం ‘హొక్ ఎరత్’ అని మొదలవుతుంది. చదివేటప్పుడు రెండు మాటలూ కలిసిపోతాయి కాబట్టి, రాసి ఉన్నట్టే పలికితే ‘హొకెరత్’ అయి తొలి అక్షరం లఘువు కావాలి. కానీ ఆ ఛందంలో పాదం మొదట గురువు తప్పనిసరి. కవి లెక్క తప్పలేదు. రోమన్లు దాన్ని ‘హొక్కెరత్’ అని ద్విత్వంతో పలికేవారు. రాసేది ఒక కకారమైనా పలికేవి రెండని ప్రాచీన వ్యాకర్తలు ఈ పాదాన్నే ఉదాహరణగా చూపారు. మాట పాత రూపం ‘హొద్‌కె’ వంటిదని, అందులోని దకారం పక్కనున్న కకారంగా మారి ద్విత్వం ఏర్పడిందని భాషాశాస్త్రం చెబుతుంది. ఈ ద్విత్వం సంగతి తరువాత మనకు అక్కరకొస్తుంది.

మొదట పోయింది హకారం. క్రీస్తుపూర్వం ఒకటో శతాబ్దంలోనే కతుల్లస్ అనే కవి, అక్కరలేని చోటల్లా హకారం తగిలించి గొప్పగా మాట్లాడాలనుకునే అర్రియస్ అనే వ్యక్తిని ఎగతాళి చేస్తూ పద్యం రాశాడు. సామాన్యుల నోట హకారం అప్పటికే నిలకడ తప్పకపోతే ఆ ఎగతాళికి అర్థమే ఉండదు. తరువాతి శతాబ్దాల్లో మాట చివరి హల్లులూ బలహీనపడ్డాయి. హకారం, కకారం రెండూ పోతే హిక్‌లో మిగిలేది ఒట్టి ఇకారం. ‘ఈయన’, ‘ఈ ఊరు’ అని చూపించాల్సిన మాట అంత సన్నబడితే వినేవాడికి అందదు. అందుకే పుంలింగ స్త్రీలింగ రూపాలను జనం దాదాపుగా వదిలేసి, వాటి పనిని ఇస్తె, ఇల్లె వంటి నిండైన మాటలకు అప్పగించారు. నపుంసకలింగ హొక్‌కు మాత్రం కొంత వెసులుబాటు దొరికింది. అది నామవాచకం పక్కన విశేషణంగానే కాక, అప్పటిదాకా చెప్పిన విషయమంతటినీ ఒక్క మాటలో మూటగట్టి చూపడానికీ పనికొచ్చేది. ఆ పనికి దాన్ని మించిన మాట లేదు.

ఇక ‘అవును’ సంగతి. సాహిత్య లాటిన్‌లో మన ‘అవును’లా ఎప్పుడూ వాడే ఒకే జవాబు మాట లేదు. ‘వచ్చావా?’ అంటే ‘వచ్చాను’ అని మనం క్రియనే తిరిగి చెప్పినట్టు రోమన్లూ చెప్పేవారు, లేదా ఇత, సిక్, సానె వంటి మాటల్లో ఒకటి వాడేవారు. ‘అలాగే’ అనే అర్థమున్న సిక్ నుంచి ఇటలీలో, స్పెయిన్‌లో ‘సీ’, పోర్చుగల్‌లో ‘సీం’ వచ్చాయి. గాల్ దేశంలో, అంటే ఇప్పటి ఫ్రాన్సులో, ‘ఇదే’ అనే అర్థంలో హొక్ జవాబుగా నిలిచింది. ‘నువ్వు చేశావా?’ అంటే ‘ఇది నేను (చేశాను)’, ‘అతను చేశాడా?’ అంటే ‘ఇది అతను (చేశాడు)’ అని చెప్పి క్రియను వదిలేయడం అక్కడి అలవాటు. పాత ఫ్రెంచి గ్రంథాల్లో ఈ దశ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. నా గురించి అడిగితే ‘ఓ జె’, నీ గురించి అయితే ‘ఓ తు’, అతని గురించి అయితే ‘ఓ ఇల్’. మొదటి ఓకారం హొక్, రెండో మాట సర్వనామం. ఈ రూపాల్లో ఎక్కువగా వాడుకలో పడింది ‘అతను’ ఉన్న ‘ఓయిల్’. కాలక్రమాన ఎవరి గురించి అడిగినా అదే జవాబైపోయింది. కాదనడానికి ‘నెనిల్’ కూడా ఇలా సర్వనామంతో కూడినదే. ఓయిల్ చివరి లకారం నోట్లోంచి జారిపోయాక మిగిలిందే నేటి ‘వీ’. అంటే ఇవాళ ఫ్రెంచివాడు అవునన్నప్పుడల్లా, తనకు తెలియకుండానే, ‘ఇది అతను’ అంటున్నాడు. ఈ మాటకు మరో చిత్రమైన గుణం ఉంది. అచ్చు ముందు ‘ల’ అనే ఉపపదం తన అచ్చును వదులుకోవడం ఫ్రెంచిలో నియమం. రాతలో అచ్చుతోనే మొదలయ్యే ‘వీ’ ముందు మాత్రం అది వదులుకోదు, ‘ల వీ’ అని విడివిడిగానే పలుకుతారు.

దక్షిణాన జనం సర్వనామం తగిలించలేదు, ఒట్టి హొక్‌నే జవాబుగా ఉంచుకున్నారు. అదే ‘ఒక్’. మొదట్లో ఒకే ఒక్క చోట అన్నది దీని గురించే. జవాబు మాటను ఎప్పుడూ ఒత్తి పలుకుతాం కాబట్టి దానికి బలం ఉంది. పైగా మొదట చెప్పిన ద్విత్వం కకారాన్ని కాపాడింది. సిక్, నెక్ వంటి మాటల్లో ఒంటి కకారం పోయి ‘సి’, ‘నె’ మిగిలితే, ఒక్‌లో మాత్రం అది నిలబడింది. అచ్చు కూడా ఇదే సాక్ష్యం చెబుతుంది. లాటిన్‌లో ‘దీనితో’ అనే అర్థంలో దీర్ఘమైన ‘హోక్’ రూపం వేరే ఉంది. లాటిన్ దీర్ఘ ఓకారం ఈ దక్షిణ ఫ్రాన్సు భాషలో, అంటే ఆక్సితాన్‌లో, దాదాపు ‘ఊ’లా మూసుకుపోతుంది. ఒక్‌లోనిది నోరు విప్పి పలికే ఒకారం, దాన్ని చూపడానికే ఆ భాషవాళ్లు అక్షరం నెత్తిన ఒక వాలు గీత గీస్తారు. కాబట్టి ఇది హ్రస్వమైన ‘హొక్’ సంతానమే. అదే భాషలో ‘నాకు తెలుసు’ అనడానికి ‘ఓ సాబి’ అంటారు. ఆ ‘ఓ’ కూడా హొక్కే, ‘ఇది తెలుసు’ అని. ఒత్తి పలికిన చోట కకారం మిగిలింది, క్రియ ముందు తేలిపోయే చోట పోయింది. ఒకే తల్లి బిడ్డలు ఇలా రెండు రూపాల్లో ఒకే వాక్యంలో కలుసుకోవచ్చు. స్పెయిన్‌లోని కాటలోనియాలో మాట్లాడే కాటలాన్ భాషలోనూ ‘ఓ సె’ అంటే ‘అది నాకు తెలుసు’. అక్కడైతే స్పెల్లింగులో హకారాన్ని కూడా నిలుపుకున్నారు, పలకరు.

ఈ రెండు ‘అవును’లే చివరికి భాషల పేర్లయ్యాయి. 14వ శతాబ్దం తొలినాళ్లలో ఇటాలియన్ కవి దాంతే, దేశభాషల గురించి లాటిన్‌లో రాసి అసంపూర్తిగా వదిలేసిన గ్రంథంలో, దక్షిణ యూరప్ మాటలను ఒక్ అనేవారు, ఓయిల్ అనేవారు, సీ అనేవారు అని మూడుగా విడగొట్టాడు. భాషలను వ్యాకరణంతో కాక, అవుననే తీరుతో గుర్తించడం నాకు ఇప్పటికీ చాలా తెలివైన పని అనిపిస్తుంది, ఎందుకంటే సంతలో నిలబడి రెండు నిమిషాలు వింటే చాలు, ఎవరైనా పోల్చుకోగలరు. తన కావ్యంలో ఇటలీని ‘సీ మోగే అందమైన దేశం’ అన్నదీ ఆయనే. అంతకు ముందే, 12వ శతాబ్దంలో, బెర్త్రాన్ ద బోర్న్ అనే ఆక్సితాన్ కవి, తరువాత ఇంగ్లండు రాజైన రిచర్డుకు ‘ఒక్ ఎ నొన్’, అంటే ‘అవును-కాదు’ అని మారుపేరు పెట్టాడు. మాట నిలకడ లేనివాడని కొందరు, ముక్తసరిగా తేల్చేసేవాడని కొందరు దానికి అర్థం చెబుతారు.

ఒక్ భాష అనే అర్థమున్న ‘లాంగ్‌దొక్’ క్రమంగా నేల పేరైంది. తులూజ్ కౌంటీ 1271లో ఫ్రెంచి రాజుల చేతికి వచ్చాక, ఆ ప్రాంతాల్లో చాలా భాగం ఆ పేరుతోనే పాలనలో ఉండి, విప్లవకాలంలో 1790లో రాష్ట్రాలను రద్దుచేసి కొత్త జిల్లాలు ఏర్పరిచేదాకా సాగింది. 2016లో రెండు పాలనా ప్రాంతాలను కలిపినప్పుడు కొత్తదానికి పెట్టిన ‘ఆక్సితనీ’ పేరులోనూ ఉన్నది ఈ ఒక్కే. మాట్లాడే భాష మాత్రం ఆ పేరంత అదృష్టానికి నోచుకోలేదు. 1539 నాటి విల్లేర్-కొత్రే రాజశాసనం కోర్టు పత్రాలను ఫ్రెంచిలో రాయాలన్న తరువాత రాతలో ఆక్సితాన్ స్థానం కుంచించుకుపోతూ వచ్చింది. 1904లో ఫ్రెదెరిక్ మిస్త్రాల్ ఆ భాషలోని కవిత్వానికి నోబెల్ బహుమతిలో సగం అందుకున్నా ఆ దారి మారలేదు. స్పెయిన్‌లోని ఆరాన్ లోయలో, ఆ కారణంగా మొత్తం కాటలోనియాలో, దానికి అధికార భాష హోదా ఉంది.

ఇక మీ అసలు చిక్కు, ‘కానీ’. పెర్ హొక్ అంటే ‘దీని మూలంగా’, ‘అందుకని’. పాత ఇటాలియన్‌లో పెరోకు ‘అందువల్ల’ అనే అర్థమే ఉంది, దాంతే కూడా అలా వాడాడు. మలుపు వచ్చింది వ్యతిరేక వాక్యాల్లో. తెలుగులోనే చూడండి: ‘వాన కురుస్తోంది. అందుకని ప్రయాణం మానుకోలేదు.’ ఇక్కడ ‘అందుకని’ కారణాన్ని చూపుతోందా, లేక ‘అయినా సరే’ అంటోందా? వాక్యం చెప్పేది ‘ఆ కారణంతో మానలేదు’ అని, వినేవాడు పట్టుకునేది ‘వాన ఉన్నా మానలేదు’ అని. ఇలాంటి వాక్యాలు తరతరాలుగా వినివిని, విరుద్ధార్థం ఆ చిన్న మాటలోనే ఉందనుకునే పిల్లలు పుడతారు. వాళ్లు వ్యతిరేకార్థం లేని వాక్యాల్లో కూడా దాన్ని ‘కానీ’గా వాడేస్తారు. ఇటలీలో చివరి అచ్చును ఒత్తి పలికే పెరో, స్పెయిన్‌లో మొదటి అచ్చును ఒత్తి పలికే పెరో, కాటలాన్‌లో పెరో, మూడూ ఈ దారినే వచ్చాయి. ఇది హొక్‌కు మాత్రమే పట్టిన గతి కాదు. ‘ఇంతకని’ అనే అర్థంతో మొదలైన ఫ్రెంచి ‘పుర్తాన్’ ఇవాళ ‘అయినప్పటికీ’, ‘అక్కడినుంచి’ అనే మాట కలిగిన పోర్చుగీసు ‘పొరేం’ ఇవాళ ‘కానీ’. కారణం చెప్పే మాట కాదనే మాట పక్కన చాలాకాలం కూర్చుంటే ఇలా మారిపోవడం మామూలే.

ఫ్రెంచిలో ‘తో’ అనే అర్థంలో వాడే ‘అవెక్’ కూడా ఇలాంటిదే: అపుద్ హొక్, ‘దీని దగ్గర’. అందులోని ‘వెక్’ చివరి కకారం హొక్ కకారమే. కాఫీ ‘అవెక్’ పాలు అన్నప్పుడు ఆ ‘ఇది’ ఎవరికీ గుర్తురాదు.

కాలాన్ని చూపే మాటల్లో దీని ఆచూకీ ఇంకా బాగా దొరుకుతుంది. ‘ఈ ఏడు’ అనే అర్థంలో హొక్ అన్నో స్పానిష్‌లో ‘ఒగాన్యో’ అయింది, ఇప్పుడు పాతబడిన మాట. కాటలాన్‌లో మాత్రం ‘ఎంగ్వాన్’ రోజూ వినిపించేదే. ‘ఈ గంట’ అనే అర్థంలో స్త్రీలింగ రూపం హాక్ ఓరా నుంచి పోర్చుగీసు ‘అగోరా’, స్పానిష్ ‘అఓరా’ వచ్చాయి, రెండింటికీ అర్థం ‘ఇప్పుడు’. ఒగాన్యోలో, అగోరాలో గకారం ఎక్కడిదంటారా? రెండు మాటలు అతుక్కుపోయాక కకారం చివర్లో కాక అచ్చుల మధ్య పడింది, అక్కడ అది గకారంగా మెత్తబడి బతికిపోయింది. చివర్లో ఉన్నట్టయితే రాలిపోయేది. ‘ఈ దినం’ అనే హొదియే లాటిన్‌లోనే కూడిన సమాసం. అందులో ఉన్నది హొక్ కాదు, దాని ధాతువు. దాని నుంచే ఇటాలియన్ ‘ఒజ్జి’, స్పానిష్ ‘ఒయ్’, పాత ఫ్రెంచి ‘ఉయి’ వచ్చాయి. ‘ఉయి’ మరీ చిన్నదైపోవడంతో ఫ్రెంచివాళ్లు దాన్ని ‘ఈ దినపు దినాన’ అని సాగదీసి ‘ఓజుర్దుయి’ చేసుకున్నారు. అదీ చాలక కొందరు ఇప్పుడు ‘ఓ జుర్ దోజుర్దుయి’ అంటారు. భాషాభిమానులు కసురుకుంటున్నా ఆగడం లేదు. విప్పి చూస్తే అందులో దినం మూడుసార్లు ఉంది.

అన్నింటికన్నా విపరీతమైన కథ ఫ్రెంచి ‘స’ది, ‘ఇది’ అనే అర్థంలోని, ఫ్రెంచి రాతలో రెండక్షరాల మాట. ‘చూడు’ అనే అర్థంలో ముందు చేర్చిన ఎక్కెతో ఎక్కె హొక్ అయి, పాత ఫ్రెంచిలో ‘త్సో’, తరువాత ‘సొ’, చివరికి ‘స’ అయింది. ఇటాలియన్ ‘చో’ దీని తోబుట్టువు. ఇందులో హల్లు ఎక్కెది, హొక్ ఇచ్చింది ఒక్క ఒకారమే. అది కూడా క్షీణించి అస్పష్టమైన అచ్చుగా మిగిలింది. ‘ఇది ఉంది’ అనే ‘సె’లో ఆ అచ్చు కూడా సంధిలో కొట్టుకుపోతుంది. అంటే అక్కడ హొక్ ధ్వని ఒక్కటి కూడా లేదు, చేయవలసిన పని మాత్రం చేస్తూనే ఉంది. ‘ఏమిటిది?’ అని ఫ్రెంచివాడు కాస్త గట్టిగా అడిగే ‘కెస్ క సె క సా’లో ఇది మూడు చోట్ల దాగి ఉంది.

వీటిలో రాతకెక్కిన పాత సాక్ష్యం ఏది అని తరచుగా అడుగుతారు. 842 ఫిబ్రవరి 14న స్ట్రాస్‌బుర్గ్‌లో, తమ అన్న లోథార్‌కు ఎదురు నిలబడడానికి ఫ్రాంకు రాజులైన జర్మనీ లూయీ, బట్టతల చార్లెస్ ప్రమాణాలు చేసుకున్నారు. అవతలివాడి సైన్యానికి అర్థం కావాలని లూయీ రోమాన్స్ భాషలో పలికాడు. నితార్డ్ అనే చరిత్రకారుడు ఆ మాటలను ఉన్నవి ఉన్నట్టు రాసిపెట్టాడు. అందులో ‘అతను కూడా నాకు అలాగే చేస్తే’ అనే షరతు ‘ఇన్ ఓ క్విద్’ అని మొదలవుతుంది, అంటే ‘ఈ షరతుమీద’. ఆ ఓకారమే హొక్. ఫ్రెంచి భాష పుట్టుకకు తొలి పత్రంగా చెప్పుకునే రాతలో ఇది హకారం, కకారం రెండూ కోల్పోయి ఒంటి అచ్చుగా కనిపిస్తుంది. దాదాపు 880 నాటి పుణ్యస్త్రీ యూలాలీ గీతంలో ‘పొరో’ అనే మాట ఉంది, అర్థం ‘అందుకని’.

ఇలా నోటినుంచి నోటికి అరిగిపోయిన రూపాల పక్కనే, పుస్తకాల దారిలో కదలకుండా వచ్చిన రూపమూ ఉంది. ‘ఇందుకోసం’ అనే అర్థమున్న అడ్ హొక్ లాటిన్ రాతల నుంచి నేరుగా యూరప్ భాషలన్నిటికీ, ఇంగ్లీషు మీదుగా తెలుగు పత్రికల ‘అడ్‌హాక్ కమిటీ’కీ వచ్చింది. అంతర్జాతీయ న్యాయస్థానంలో తమ దేశపు న్యాయమూర్తి లేని పక్షం ఆ ఒక్క కేసుకు ఎంచుకునే వ్యక్తిని అడ్‌హాక్ న్యాయమూర్తి అంటారు. అది మాట అసలు అర్థం. కానీ వాడుకలో అది ‘తాత్కాలికం’గా, అక్కడినుంచి ‘ముందుచూపు లేకుండా అప్పటికప్పుడు చేసింది’గా జారిపోయింది. అమెరికా కోర్టుల్లో బయటి రాష్ట్రపు న్యాయవాదిని ఒక్క కేసు వరకు అనుమతించే ‘ప్రో హాక్ వికె’లో స్త్రీలింగ రూపం మిగిలింది.

ఇక పోలికలు చూసి మోసపోకుండా ఉండటానికి రెండు మాటలు. ఇటాలియన్ ‘ఓ’ (నాకు ఉంది) రాతలో హకారంతో మొదలవుతుంది గానీ అది హబెయో అనే క్రియ. స్పానిష్‌లో ‘లేదా’ అనే ‘ఓ’ లాటిన్ ఔత్ నుంచి వచ్చింది. గారడీవాళ్ల ‘హోకస్ పోకస్’, క్యాథలిక్ పూజలో గురువు పలికే ‘హొక్ ఎస్త్ కోర్పుస్’ (ఇది నా శరీరం) నుంచి పుట్టిందని 17వ శతాబ్దం చివర కాంటర్‌బరీ ఆర్చిబిషప్ టిలట్సన్ ఊహించాడు. నిఘంటువులు దాన్ని ఊహగానే చెబుతాయి, ఎందుకంటే ఆ మాట రాతలోకి వచ్చింది గారడీవాడి పేరుగా, దాన్ని పూజామంత్రంతో కలిపే మధ్య మెట్టేదీ దొరకలేదు. ‘ఓకే’కు ఆ ఊహ కూడా అక్కర్లేదు. అమెరికాలో 1830ల చివర, మాటలను కావాలని తప్పు స్పెల్లింగుతో రాసి మొదటి అక్షరాలు మాత్రమే వాడే వేళాకోళం ఉండేది. ‘ఆల్ కరెక్ట్’ను ఓతో, కేతో మొదలయ్యేలా తప్పుగా రాసి, ఆ రెండక్షరాలను 1839 మార్చి 23న బోస్టన్ మార్నింగ్ పోస్ట్ అచ్చువేసింది. దీన్ని 1960లలో ఆలెన్ వాకర్ రీడ్ అనే పండితుడు పాత పత్రికలు వెతికి నిరూపించాడు. ఒక్‌కూ ఓకేకూ మధ్య ఉన్నది చెవికి తగిలే పోలిక మాత్రమే.